ఉప్పు సరిపోయిందా?



పప్పు పొయ్యి మీద నుండి దించేముందు మన ఇళ్ళలో జరిగే పని ఒకటుంది. వంట చేసే ఆమె గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు తాకించుకుంటుంది. అనుమానంగా ఉంటే పక్కనున్న వారిని పిలిచి, "ఉప్పు సరిపోయిందా చూడు" అంటుంది. వారు చూసి "సరిపోయింది" అనో, "ఇంకొంచెం పడాలి" అనో చెబుతారు. అంతే, పని అయిపోతుంది.

ఈ చిన్న పనిలో జరిగినదేమిటో ఆలోచించండి. రుచి చూసిన మనిషి పప్పులో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో చెప్పలేదు. తన మనసులో ముందే ఉన్న ఒక 'సరైన పప్పు'ను తలచుకుని, ఈ పప్పును దానితో పోల్చి, తేడా ఉందో లేదో చెప్పారు. ఆ మనసులోని పప్పు ఎవరికీ కనబడదు. కానీ ఇంటిల్లిపాదీ రోజుకు ఎంత ఉప్పు తింటున్నారో నిర్ణయించేది అదే.

బి.పి. ఉన్నవారికి ఉప్పు తగ్గించమని మేము చెప్పని రోజు ఉండదు. తగ్గిస్తామని వారు చెప్పని రోజూ ఉండదు. నెల తరువాత వచ్చినప్పుడు బి.పి. అలాగే ఉంటుంది. నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. "నాలుగు రోజులు చప్పిడి కూడు తిన్నానమ్మా, ఐదో రోజు ముద్ద గొంతు దిగలేదు, ఆవకాయ వేసుకున్నాను" అంటారు. ఇందులో ఆ రోగి తప్పు కన్నా మేము చెప్పిన పద్ధతిలోని తప్పే ఎక్కువని నాకు అనిపిస్తుంది. కంచంలో ఉప్పు ఒక్కసారిగా తీసేశాం, మనసులో ఉన్న ఆ సరైన పప్పును మాత్రం ముట్టుకోలేదు. ప్రతి ముద్దా దానితో పోల్చబడి ఓడిపోతూనే ఉంటుంది.

ఆ కనబడని పప్పును కొలిచే పద్ధతులు ఉన్నాయి. ఆహార పదార్థాలు తయారుచేసే కంపెనీలు, పరిశోధనా సంస్థలు ఎన్నో ఏళ్ళుగా వాటిని వాడుతున్నాయి. 1950లో ప్రారంభమైన మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో కూడా రుచి పరీక్షల మీద పని జరుగుతూ వచ్చింది. కంపెనీలు ఈ పద్ధతులను సరుకు అమ్ముకోవడానికి వాడతాయి. మనం మన ఇంట్లో బి.పి. తగ్గడానికి వాడుకోవచ్చు. ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

నచ్చిందా? సరిపోయిందా?

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు అమెరికా సైన్యం ఒక మంచి కొలబద్ద తయారుచేయించింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సైనికులకు పెట్టే ఆహారం వారికి ఎంత నచ్చుతున్నదో తెలుసుకోవలసి వచ్చింది. చికాగోలోని సైనిక ఆహార పరిశోధన కేంద్రంలో డేవిడ్ పెరియమ్, ఫ్రాన్సిస్ పిల్‌గ్రిమ్ అనే శాస్త్రవేత్తలు తొమ్మిది మెట్ల కొలత ఒకటి రూపొందించారు. 'చాలా చాలా ఇష్టం' అంటే 9. 'అసలేమాత్రం ఇష్టం లేదు' అంటే 1. మధ్యలో 5 అంటే ఇష్టమూ కాదు, అయిష్టమూ కాదు. నేటికీ ప్రపంచమంతటా రుచి పరీక్షలలో ఎక్కువగా వాడేది ఈ కొలతే.

అయితే ఒకరు మీ పాయసానికి 6 మార్కులు ఇచ్చారనుకోండి. ఎందుకు 6? తీపి తక్కువయిందా, ఎక్కువయిందా, పలచగా ఉందా? ఆ 6 చూసి ఏమీ చెప్పలేం. అందుకే రెండో ప్రశ్న కావాలి. తీపి గురించి, చిక్కదనం గురించి, యాలకుల వాసన గురించి విడివిడిగా అడుగుతారు. ప్రతిదానికీ ఐదు జవాబులు ఉంటాయి: బాగా తక్కువ, కొంచెం తక్కువ, సరిపోయింది, కొంచెం ఎక్కువ, బాగా ఎక్కువ. శాస్త్రవేత్తలు ఇంగ్లీషులో దీనికి పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పాలంటే మన 'సరిపోయింది' అనే మాట తప్ప వేరేది అక్కరలేదు.

ఒక సంగతి ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఈ కొలతలో మంచి జవాబు మధ్యలో ఉంటుంది, పైచివర ఉండదు. మార్కులు ఎక్కువ వస్తే మంచిది అనుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. పైగా ఆ మధ్య గీత అందరికీ ఒకే చోట ఉండదు. నాకు సరిపోయిన ఉప్పు మీకు తక్కువ కావచ్చు.

మనిషి ఇష్టంతో పనిలేని కొలతలు కూడా ఉన్నాయని మరచిపోవద్దు. విరేచనాలయ్యే బిడ్డకు ప్యాకెట్ దొరకనప్పుడు ఇంట్లో ఉప్పు చక్కెర నీళ్ళు కలుపుతాం. ఒక లీటరు శుభ్రమైన నీటికి చదునుగా అర టీ చెంచా ఉప్పు, చదునుగా ఆరు టీ చెంచాల చక్కెర. తాగించేముందు తల్లి ఒక చుక్క రుచి చూడాలి. అది కన్నీటి కన్నా ఉప్పగా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. ఇక్కడ పోల్చవలసినది కన్నీటితో, అది ఎవరి ఇష్టాన్ని బట్టీ మారదు. పప్పు విషయంలో మాత్రం మనం పోల్చుకునేది అలవాటుతో. ఈ తేడా తరువాత పనికివస్తుంది.

ముప్పైమంది, ఒక గిన్నె పప్పు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆదివారం ఆరాధన తరువాత సంఘ భోజనంలో స్త్రీల సమాజం వారు ఉప్పు తగ్గించి టమాటా పప్పు వండారనుకుందాం. ముప్పైమంది పెద్దవాళ్ళకు చిన్న చీటీలు ఇచ్చి రాయించారు. మొదట ఎంత నచ్చిందో తొమ్మిదికి మార్కులు. తరువాత ఉప్పు ఎలా ఉంది, పులుపు ఎలా ఉంది అని రెండు ప్రశ్నలు.

ఉప్పు ప్రశ్నకు 16 మంది సరిపోయిందన్నారు, 12 మంది తక్కువన్నారు, ఇద్దరు ఎక్కువన్నారు. పులుపు ప్రశ్నకు 14 మంది సరిపోయిందన్నారు, 15 మంది తక్కువన్నారు, ఒకరు ఎక్కువన్నారు. ఇంతవరకు చూస్తే రెండూ తక్కువే కదా, రెండూ పెంచుదాం అనిపిస్తుంది. ఆగండి. ఇప్పుడు ఆ చీటీలను వేరు చేసి, ఒక్కొక్క గుంపు ఇచ్చిన మార్కుల సగటు తీయాలి.

ఉప్పు సరిపోయిందన్నవారు పప్పుకు ఇచ్చిన సగటు 7. ఉప్పు తక్కువన్నవారు ఇచ్చినది 6. అంటే ఉప్పు తక్కువనిపించినందువల్ల పోయినది ఒక్క మార్కు. పులుపు సరిపోయిందన్నవారి సగటు 7.5. పులుపు తక్కువన్నవారి సగటు 5. ఇక్కడ పోయినది రెండున్నర మార్కులు. ఎక్కువన్నవారు ఒకరిద్దరే కాబట్టి వారి జవాబును పక్కన పెట్టవచ్చు. సాధారణంగా నూటికి ఇరవైమంది కన్నా తక్కువగా చెప్పిన ఫిర్యాదును ఈ లెక్కలో పట్టించుకోరు.

ఈ లెక్క ఏం చెబుతోంది? జనం ఉప్పు తక్కువ, ఉప్పు తక్కువ అంటున్నా, వారిని నిజంగా అసంతృప్తి పరచినది పులుపు లోటు. వచ్చే ఆదివారం ఉప్పు డబ్బా ముట్టుకోకుండా, కాస్త చింతపండు పులుసు పోస్తే సరి. దించేముందు నిమ్మకాయ పిండినా చాలు. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు. మీ సంఘంలో చేస్తే వేరే అంకెలు రావచ్చు. కానీ లెక్క వేసే దారి ఇదే.

వంటగదిలో ఇలాంటి పొరపాటు మనం తరచు చేస్తుంటాం. కూర చప్పగా ఉంటే మొదట చెయ్యి వెళ్ళేది ఉప్పు మీదికే. చప్పదనానికి కారణం పులుపు కావచ్చు, కారం కావచ్చు, తాలింపులో వెల్లుల్లి జీలకర్ర సరిగా వేగకపోవడం కావచ్చు. పులుపు, వాసన బాగున్నచోట ఉప్పు లోటు అంతగా తెలియదు.

ఎంత ఉంది, ఎంత ఉండాలి

ఇంకొక పద్ధతి కూడా ఉంది. నెదర్లాండ్స్, ఫ్రాన్స్ దేశాల పరిశోధకులు 2010 తరువాతి సంవత్సరాలలో దీన్ని బాగా అభివృద్ధి చేశారు. ఇందులో ప్రతి గుణానికీ రెండు గుర్తులు పెట్టమంటారు. కాగితం మీద ఒక గీత గీస్తారు. ఎడమ చివర అసలు లేదు, కుడి చివర చాలా ఎక్కువ. ఈ పప్పులో ఉప్పు ఎంత ఉందనిపిస్తోందో ఒక గుర్తు. మీకు ఎంత ఉంటే బాగుంటుందో ఇంకొక గుర్తు. రెండింటి మధ్య దూరమే మనకు కావలసినది.

పది అంగుళాల గీత అనుకోండి. అత్తగారు ఉన్నది 4 దగ్గర, ఉండవలసినది 7 దగ్గర పెట్టారు. కొడుకు రెండూ 6 దగ్గరే పెట్టాడు. ఒకే గిన్నెలోని పప్పు ఒకరికి బాగా చప్పన, మరొకరికి సరిగ్గా ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

కానీ మనుషులు తమకు ఏది ఇష్టమో చెప్పే మాట, వారి నాలుక చెప్పే మాట ఎప్పుడూ ఒకటి కావు. ఆరోగ్యం సంగతి వచ్చినప్పుడు మరీ. నలుగురిలో అడిగితే "నాకు టీలో చక్కెర తక్కువే ఉండాలి" అంటారు. మూడు కప్పులు ఇచ్చి మార్కులు వేయమంటే అన్నిటికన్నా తియ్యగా ఉన్నదానికే 9 వేస్తారు. అందుకే పరిశోధకులు ఒక పరీక్ష పెడతారు. ఒక మనిషి చెప్పిన 'ఉండవలసిన' రుచి, ఆ మనిషి ఎక్కువ మార్కులు ఇచ్చిన పదార్థం రుచికి దగ్గరగా ఉందా లేదా అని చూస్తారు. దగ్గరగా లేకపోతే ఆ జవాబును జాగ్రత్తగా వాడుకుంటారు. షుగరు ఉన్న మా రోగులను ఆహారం గురించి అడిగేటప్పుడు నేను కూడా ఈ సంగతి గుర్తుంచుకుంటాను.

ఒక్క గుక్కకూ, కంచం నిండా తినడానికీ కూడా తేడా ఉంది. 1985లో కోకాకోలా కంపెనీ దాదాపు రెండు లక్షల రుచి పరీక్షలు చేసి, జనం ఎక్కువ మెచ్చుకున్న తియ్యని కొత్త రుచిని ఏప్రిల్ నెలలో బజారులోకి తెచ్చింది. జనం గొడవ చేశారు. 79 రోజులకు పాత రుచిని తిరిగి తేవలసి వచ్చింది. జనానికి పాతదానితో ఉన్న అనుబంధాన్ని ఆ పరీక్షలు కొలవలేదు. గుక్కెడు తాగినప్పుడు తీపి గెలుస్తుంది, సీసా అంతా తాగేటప్పుడు అదే వెగటు కావచ్చు అని కూడా అప్పట్లో చాలామంది అన్నారు. ఇంట్లో రుచి పరీక్ష చేసేటప్పుడు చెంచాడు నాకించి ఊరుకోకుండా, అన్నంలో కలిపి నాలుగు ముద్దలు తినిపించి అడగమనేది ఇందుకే.

అందరికీ ఒకటే 'సరైన' రుచి ఉంటుందా?

ఉండదు. హోవర్డ్ మాస్కోవిట్జ్ అనే అమెరికా పరిశోధకుడు 1980లలో ఒక కంపెనీ కోసం టమాటా సాసును పరీక్షించాడు. నలభై అయిదు రకాలు తయారుచేయించి జనానికి రుచి చూపించాడు. అందరి మార్కులూ కలిపి సగటు తీస్తే ఏ గుంపుకూ పూర్తిగా నచ్చని సాసు వస్తుంది. విడదీసి చూస్తే మూడు గుంపులు కనబడ్డాయి. కొందరికి సాదాగా ఉండాలి, కొందరికి కారంగా ఉండాలి, ఇంకొందరికి ముక్కలు ముక్కలుగా ఉండాలి. ముక్కలు కావాలన్నవారు దాదాపు మూడోవంతు ఉన్నా, అప్పటికి బజారులో వారికోసం తయారైన సాసే లేదు.

మన ఇంట్లో కూడా ఇవే గుంపులు. వయసు మళ్ళినవారికి వాసన, రుచి తెలియడం తగ్గుతుంది. కోడలు ఎంత వేసినా తాతగారికి చప్పగానే ఉంటుంది. కోడలి మీద కోపం కన్నా ఈ సంగతి తెలియడం ఇంటికి మంచిది. కొన్ని మందులు కూడా రుచిని మారుస్తాయి. మెట్రోనిడజోల్ వేసుకునేటప్పుడు, కొందరికి మెట్‌ఫార్మిన్ వేసుకునేటప్పుడు నోట్లో లోహపు రుచి తగులుతుంది. నోరు ఎండిపోయినా, పంటి చిగుళ్ళు చెడినా రుచి మారుతుంది. ఉన్నట్టుండి అన్నీ చప్పగా అనిపిస్తుంటే ఉప్పు పెంచుకోకుండా డాక్టరుగారికి చెప్పండి.

మనసులోని పప్పు మారుతుంది

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ కనబడని పప్పు రాతి మీద చెక్కినది కాదు. అది మారుతుంది. ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు, కొలిచి చూసిన సంగతి.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో బెర్టినో, బోషాంప్, ఎంగెల్‌మన్ అనే పరిశోధకులు 1982లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు యువతీయువకులు ఐదు నెలలపాటు ఉప్పు తక్కువగా తిన్నారు. మొదలుపెట్టకముందు, ఆ తరువాత మధ్య మధ్య, వారికి వేరు వేరు మోతాదులలో ఉప్పు కలిపిన సూపు, బిస్కెట్లు ఇచ్చి ఏది బాగుందో అడిగారు. నెలలు గడిచేకొద్దీ వారికి బాగుందనిపించే ఉప్పు మోతాదు కిందికి దిగింది. మునుపు సరిపోయిందన్న సూపు ఇప్పుడు ఉప్పగా అనిపించసాగింది.

అదే పరిశోధకులు 1986లో దీనికి వ్యతిరేక దిశలో చూశారు. కొందరికి ఉప్పు పెంచి పెట్టారు. ఆహారంలో కలుపుకుని తిన్నవారికి ఇంకా ఉప్పు కావాలనిపించింది. అదనపు ఉప్పును మాత్రల రూపంలో మింగినవారికి అలా జరగలేదు. మాత్రలోని ఉప్పు కడుపులోకి వెళ్ళిందే గాని నాలుకకు తగలలేదు. అంటే ఈ అలవాటు నేర్చుకునేది నాలుక. నేర్చుకున్నది మరచిపోగలిగేదీ నాలుకే.

ఆస్ట్రేలియాలో చేసిన మరో అధ్యయనం 2003లో వెలువడింది. రోజూ తినే రొట్టెలో వారానికి నూటికి ఐదు వంతుల చొప్పున ఉప్పు తగ్గిస్తూ పోయారు. ఆరు వారాలలో మొత్తం నాలుగోవంతు తగ్గింది. తింటున్నవారు దాన్ని గుర్తించలేకపోయారు. ప్రతి వారం వారి మనసులోని రొట్టె కూడా ఒక అడుగు కిందికి దిగుతూ వచ్చింది. బ్రిటన్‌లో ప్రభుత్వమే కంపెనీలతో మాట్లాడి ఇలా నెమ్మదిగా తగ్గించింది. అక్కడ 2001 నుండి 2011 వరకు పదేళ్ళలో రొట్టెలో ఉప్పు సుమారు ఐదోవంతు తగ్గింది. మనిషికి సగటున రోజుకు 9.5 గ్రాములున్న ఉప్పు 8.1 గ్రాములకు వచ్చింది.

మన సంగతి వేరు. ఆ దేశాలలో ఎక్కువ ఉప్పు కంపెనీలు చేసిన ఆహారంలో ఉంటుంది. మన దగ్గర ఎక్కువ భాగం వంటగదిలోనే పడుతుంది. 2014లో ఢిల్లీ, హర్యానాలలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక రోజంతా మూత్రం సేకరించి పరీక్షించారు. మన రాష్ట్రంలో మనిషి సగటున రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్టు తేలింది. ఢిల్లీ, హర్యానాల కన్నా అది ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే హద్దు 5 గ్రాముల లోపు, అంటే చదునుగా ఒక టీ చెంచా కన్నా కాస్త తక్కువ. ఇందులో ఒక మేలు కూడా ఉంది. ఏ కంపెనీనీ, ఏ ప్రభుత్వాన్నీ అడగనక్కరలేదు. ఉప్పు డబ్బా మన చేతిలోనే ఉంది.

ఇంట్లో చేయవలసిన పని

ముందు మీ ఇంట్లో ఎంత ఖర్చవుతుందో తెలుసుకోండి. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్ళీ చూడండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో కిలో ఉప్పు ముప్పై రోజులలో అయిపోతే, మనిషికి రోజుకు 8 గ్రాముల పైన పడుతున్నట్టు. పచ్చడి, అప్పడం, బజారు చిప్స్, బేకరీ సరుకు దీనికి అదనం. అదే కిలో ఆ నలుగురికీ యాభై రోజులు వస్తే మనిషికి 5 గ్రాములు.

తరువాత వారానికి సరిపడా ఉప్పు చిన్న డబ్బాలో వేరుగా పోసుకోండి. నెలకు కిలో వాడే ఇంట్లో వారానికి సుమారు 230 గ్రాములు అవుతుంది. రెండో వారం అందులో నుండి చదునుగా రెండు టీ చెంచాలు తీసేయండి. మూడో వారం ఇంకో రెండు. అలా ఐదారు వారాలు. తూకం లేకపోయినా ఫరవాలేదు, డబ్బా మీద పెన్నుతో గీత పెట్టుకుంటే చాలు. వారం మధ్యలో డబ్బా ఖాళీ అయినా ప్యాకెట్ విప్పవద్దు. ఆరు వారాల తరువాత కొన్నాళ్ళు అక్కడే ఆగి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. భోజనాల బల్ల మీద ఉప్పు గిన్నె మాత్రం మొదటి రోజే తీసేయండి. మజ్జిగలో, అన్నం వండే నీళ్ళలో వేసే ఉప్పు కూడా మొదట్లోనే మానవచ్చు, దాని లోటు అంతగా తెలియదు.

ఒక్క రోగికే వేరే వంట చేయకండి. ఒకే ఇంట్లో రెండు పప్పులుంటే రోగి కళ్ళు రెండో గిన్నె మీదే ఉంటాయి. అందరికీ ఒకే వంట, అందరికీ నెమ్మదిగా తగ్గింపు. పిల్లల నాలుకలు తక్కువ ఉప్పుకే అలవాటు పడితే వారికీ మేలు.

నెలకొకసారి రుచి పరీక్ష పెట్టుకోండి. పిల్లలు సరదాగా చేస్తారు. ఒకే పప్పును మూడు గిన్నెలలోకి తీసి, ఒకదానిలో పాత మోతాదు, ఒకదానిలో ఇప్పటి మోతాదు, ఒకదానిలో ఇంకాస్త తక్కువ వేయండి. మూడూ ఒకే వేడిలో ఉండాలి. వేడి మారితే రుచి మారుతుంది. గిన్నెలకు 1, 2, 3 అని రాయకండి. ఒకటి అనగానే అదే మంచిదనుకుంటారు. 417, 862, 295 లాంటి అంకెలు వేయండి, పరీక్షా కేంద్రాలలో కూడా అలాగే చేస్తారు. ఒకటి తిన్నాక నీళ్ళు పుక్కిలించి రెండోది తినాలి. జవాబులు పైకి చెప్పకుండా చీటీ మీద రాయాలి. మన ఇళ్ళలో ఇది చాలా ముఖ్యం. నాన్నగారు మొదట "ఉప్పు లేదు" అన్నారంటే ఇక ఇంట్లో ఎవరికీ ఉప్పు ఉండదు. చుట్టాలనైతే అడగనే వద్దు, వారికి అన్నీ బాగానే ఉంటాయి.

రెండు మూడు నెలల తరువాత ఆ పాత మోతాదు గిన్నె దగ్గర ఎవరో ఒకరు ముఖం చిట్లించి 'ఎక్కువ' అని రాస్తారు. నాలుక మారిందనడానికి అదే గుర్తు. ఆ చీటీని దాచుకోండి.

కొన్ని జాగ్రత్తలు

ఆవకాయ, మాగాయ లాంటి నిలవ పచ్చళ్ళలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, చెడిపోకుండా కాపాడేది కూడా. అందులో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది. పచ్చడిలో ఉప్పు తగ్గించకండి, తినే పచ్చడి తగ్గించండి. రోజూ రెండు పూటలా వేసుకునేవారు మొదట ఒక పూటకు రండి.

సైంధవ లవణం, నల్లుప్పు, కల్లుప్పు బి.పి.కి మంచివని కొందరు నమ్ముతారు. వాటిలో కూడా ఉన్నది ముఖ్యంగా సోడియమే. కల్లుప్పులో చాలావరకు అయోడిన్ కలపరు, అది వేరే నష్టం.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు బజారులో దొరుకుతుంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు ఉప్పుకు బదులు దీన్ని వాడవచ్చని పెద్దవారికి సూచించింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు ఆ సూచనలో లేరు. కొన్ని బి.పి. మాత్రలు కూడా రక్తంలో పొటాషియం పెంచుతాయి. మీ మాత్రల చీటీ చూపించి, డాక్టరుగారిని అడిగిన తరువాతే అది కొనండి. కిడ్నీ రోగులు ఉప్పుకు బదులుగా చింతపండు, టమాటా ఎక్కువ వేసుకునేముందు కూడా అడగాలి, వాటిలోనూ పొటాషియం ఉంటుంది.

గుండె బలహీనపడి కాళ్ళు వాచినవారికి, ఆయాసం ఉన్నవారికి ఆరు వారాల నెమ్మది తగ్గింపు కుదరదు. వారికి డాక్టరుగారు చెప్పిన మోతాదే మొదటి రోజు నుండి. వాంతులు, విరేచనాలు అవుతున్నవారు, రక్తంలో సోడియం తక్కువగా ఉందని చెప్పించుకున్న ముసలివారు తమంత తాము ఉప్పు తగ్గించకూడదు. బి.పి. తగ్గిందని మాత్రలు మానేయకూడదు. తగ్గిన బి.పి.ని చూసి మోతాదు మార్చవలసినది డాక్టరుగారు.

ఈసారి బి.పి. చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు, మీ ఇంట్లో కిలో ఉప్పు ఎన్ని రోజులు వచ్చిందో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. ఇంట్లో ఎంతమంది తింటారో కూడా రాయండి.